పోకర్ పుట్టిల్లు ఏది?

పోకర్ చరిత్ర రాయబోయేవారిలో చాలామంది మొదట ఆ ఆటకు ఒక తాతను వెతుకుతారు. కొందరు పర్షియాకు వెళతారు, కొందరు జర్మనీకి వెళతారు, మరికొందరు ఏకంగా వెయ్యేళ్లు వెనక్కి నడిచి చైనా రాజాస్థానంలో ఆగుతారు. ఈ వెతుకులాట మొదటి అడుగులోనే దారి తప్పుతుందని నా అభిప్రాయం. ఐదు ముక్కలు పంచుకోవడం, జతలు కట్టడం, పెద్ద ముక్క చిన్న ముక్కను గెలవడం వంటివి ఎన్నో పేకాటల్లో కనిపించే సంగతులే కనుక, వాటిని పట్టుకుని వంశవృక్షం గీస్తే ప్రపంచంలోని ఆటలన్నీ పోకర్‌కు చుట్టాలే అవుతాయి. పోకర్‌ను పోకర్‌గా నిలబెట్టినది దాని పందెం. తన చేతిలోని ముక్కలను ఎవరికీ చూపకుండా, వాటి విలువ ఇంత అని ఆటగాడు డబ్బుతోనే ప్రకటిస్తాడు. ఎదుటివారు ఆ ప్రకటనను నమ్మి తప్పుకోవచ్చు, నమ్మకపోతే అంతే సొమ్ము పెట్టి చూపించమనవచ్చు, లేదా ఇంకా పెంచి తిరుగు సవాలు విసరవచ్చు. అందరూ తప్పుకుంటే మిగిలినవాడు ముక్కలు తిప్పకుండానే సొమ్మంతా తీసుకుంటాడు. ఈ చివరి నియమం లేకపోతే బ్లఫ్ లేదు, అంటే చెత్త ముక్కలు పెట్టుకుని కూడా గొప్పవి ఉన్నట్లు పందెం కాసి ఎదుటివారిని తప్పించడం లేదు; బ్లఫ్ లేకపోతే పోకర్ లేదు.

ఇటువంటి పందెం ఉన్న ఆటలు ఐరోపాలో చాలాకాలంగా ఉన్నాయి. పేకముక్కలు అక్కడికి చేరినది పద్నాలుగో శతాబ్దపు చివరి భాగంలో. తరువాతి శతాబ్దానికే జర్మన్ ప్రాంతాల్లో పోఖెన్ అనే ఆట పేరు రికార్డుల్లో కనిపిస్తుంది. గదులు గదులుగా చేసిన ఒక పళ్లెం చుట్టూ కూర్చుని మూడు దశలుగా ఆడే ఈ ఆటలో, రెండో దశ అచ్చంగా ఎవరి ముక్కలు గొప్పవన్న పందెమే. ఫ్రాన్స్‌లో ఇదే ఆట పోక్ అయింది. పదహారో శతాబ్దంలో ఇటలీ, స్పెయిన్‌ల నుంచి ఇంగ్లాండ్ రాజాస్థానం దాకా పాకిన ప్రిమేరోలో ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు పంచేవారు. నాలుగూ ఒకే గుర్తువి కావడం, నాలుగూ ఒకే అంకెవి కావడం అందులో పెద్ద చేతులుగా లెక్కకు వచ్చేవి (ఒకరికి పడిన ముక్కల కూర్పును పేకాటలో చేయి అంటారు). సంభావ్యత గురించి తొలిసారి గంభీరంగా ఆలోచించినవారిలో ఒకడైన ఇటలీ వైద్యుడు, గణితజ్ఞుడు గిరోలామో కార్డానో స్వయంగా జూదరి కూడా కావడం వల్ల ఈ ఆట గురించి తన గ్రంథంలో వివరంగా రాశాడు. ఇంగ్లాండ్‌లో మూడు ముక్కల బ్రాగ్, ఫ్రాన్స్‌లో బ్రెలాన్, దాని నుంచి వచ్చిన బూయోత్ ఆ తరువాత వ్యాప్తిలోకి వచ్చాయి. ఫ్రెంచి విప్లవం కాలంలో బాగా ప్రాచుర్యం పొందిన బూయోత్‌ను ఇరవై ముక్కలతో నలుగురు ఆడేవారు. తలా మూడు ముక్కలు పంచాక మరొక ముక్కను తిప్పి మధ్యలో పెట్టేవారు, దానిని ఎవరైనా తమ ముక్కలతో కలిపి లెక్కపెట్టుకోవచ్చు. అందరికీ ఉమ్మడిగా ఒక ముక్క అన్న ఆలోచన ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది; టెక్సాస్‌లో పుట్టిన హోల్డెమ్ అనే పోకర్ పద్ధతి దానిని ఎక్కడినుంచో కొత్తగా కనిపెట్టలేదు.

పర్షియా వాదం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ అది చాలాచోట్ల తిరుగులేని సత్యంగా చలామణి అవుతోంది. ఆస్ నాస్ అనే పర్షియన్ ఆటలో సింహం, రాజు, రాణి, సైనికుడు, నర్తకి బొమ్మలతో ఐదు రకాల ముక్కలు ఉంటాయి. ఐదుగురికి తలా ఐదు పంచితే ఇరవై ఐదు ముక్కలూ అయిపోతాయి. తొలినాటి పోకర్‌లో ఇరవై ముక్కలు నలుగురికి తలా ఐదు చొప్పున పంచేవారు కనుక పోలిక స్పష్టంగానే ఉంది. దీన్ని చూసి ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో ప్రసిద్ధ పేకాట రచయితలు కొందరు పోకర్ నిస్సందేహంగా పర్షియా నుంచే వచ్చిందని తీర్పు చెప్పేశారు. చిక్కు ఏమిటంటే, ఆస్ నాస్ ఎలా ఆడతారన్న వివరణలు పాశ్చాత్య రచనల్లో కనిపించేది పంతొమ్మిదో శతాబ్దం చివరనే, అంటే అమెరికాలో పోకర్ ఇంటింటి ఆట అయిపోయిన తరువాత. పైగా ఆ ముక్కలు అమెరికాలోని మిసిసిప్పీ నది ఒడ్డుకు ఎవరి ద్వారా చేరాయో చూపే ఆధారం ఒక్కటీ లేదు. ఇరవై ముక్కలు, నలుగురు ఆటగాళ్లు అనే కొలత ఫ్రెంచివారి బూయోత్‌లోనే సిద్ధంగా ఉండగా, ఆ నది ఒడ్డునున్న న్యూ ఓర్లీన్స్ ఫ్రెంచి నగరమై ఉండగా, టెహ్రాన్ దాకా వెళ్లవలసిన అవసరం నాకు కనిపించదు.

న్యూ ఓర్లీన్స్ అమెరికా చేతికి వచ్చినది 1803లో, ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతాన్ని కొనడంతో. అప్పటికే అక్కడ ఫ్రెంచి, స్పానిష్ అలవాట్లు పాతుకుపోయి ఉన్నాయి, ఆపైన ఇంగ్లీషు మాట్లాడే వ్యాపారులు తమ బ్రాగ్‌ను వెంటబెట్టుకుని వచ్చి చేరారు. 1812 నుంచి మిసిసిప్పీ మీద ఆవిరి పడవలు తిరగడం మొదలైంది. పత్తి అమ్మిన సొమ్ము జేబులో ఉన్న ప్రయాణికులు, రోజుల తరబడి సాగే ప్రయాణం, రేవు రాగానే దిగి మాయమయ్యే వీలు ఒకేచోట కూడితే జూదరికి ఇంకేం కావాలి? పోక్, బ్రాగ్, బూయోత్‌లు ఈ నగరంలో కలిసి మెలిసి, పడవలెక్కి నది వెంట పైకి పాకుతూ పోకర్‌గా రూపుదిద్దుకున్నాయన్నదే ఇప్పుడు చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకునే మాట. దీనికి కనిపెట్టినవాడంటూ ఎవరూ లేరు.

ఆ తొలి ఆట ఎలా ఉండేదో ఒకసారి లెక్క కట్టి చూడటం మంచిది. ఆసు, రాజు, రాణి, జాకీ, పది అనే ఐదు అంకెలే, ఒక్కొక్కటి నాలుగు గుర్తుల్లో, మొత్తం ఇరవై ముక్కలు. వీటిలోంచి ఐదు ముక్కలను 15,504 విధాలుగా తీయవచ్చు. వాటిలో ఒక్క జత కూడా లేని చేతులు 1,024 మాత్రమే, అంటే దాదాపు పదిహేనింటికి ఒకటి. యాభై రెండు ముక్కల పేకలో దాదాపు సగం చేతులు జత లేనివే కనుక, ఇరవై ముక్కల ఆట ఎంత వేడిగా సాగేదో ఊహించవచ్చు: ప్రతివాడికీ ఏదో ఒకటి తగిలే ఉంటుంది, ప్రతివాడికీ పందెం కాయాలనే ఉంటుంది. నాలుగు ఒకే అంకె ముక్కలు ఇప్పటి పేకలో 4,165 చేతులకు ఒకసారి వస్తే, అప్పట్లో 194 చేతులకే ఒకసారి వచ్చేవి. ఇంకొక విశేషం ఉంది. ఐదు అంకెలే ఉన్న పేకలో జత లేని చేయి అంటే ఐదు అంకెలూ ఒక్కొక్కటి చొప్పున వచ్చిన చేయి, అంటే అది తప్పనిసరిగా ఆసు నుంచి పది దాకా వరుస. ఇప్పుడు మనం స్ట్రెయిట్ అని గౌరవించేది ఆ ఆటలో అన్నిటికన్నా చెత్త చేయి. ఆనాటి ఆటలో స్ట్రెయిట్ ఎందుకు లేదని అడిగేవారికి ఇంతకన్నా సూటి సమాధానం అక్కరలేదు.

ఈ ఇరవై ముక్కల ఆటను కళ్లకు కట్టే తొలి వర్ణన ఇంగ్లాండ్ నుంచి అమెరికాకు వచ్చిన జోసెఫ్ కోవెల్ అనే రంగస్థల నటుడిది. 1844లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో, 1829 డిసెంబరులో లూయీవిల్ నుంచి న్యూ ఓర్లీన్స్‌కు హెలెన్ మెక్‌గ్రెగర్ అనే ఆవిరి పడవలో చేసిన ప్రయాణం గురించి ఆయన రాశాడు. దట్టమైన పొగమంచు రాత్రి, బల్లల చుట్టూ ఆట సాగుతుండగా పడవ దేనికో ఢీకొని ఒక్క కుదుపు కుదిపింది. బాయిలర్ పేలిందేమోనని అందరూ బయటికి పరుగెత్తారు. ఏమీ కాలేదని తెలిసి తిరిగి వచ్చి కూర్చునేసరికి, ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు పేకను పంచడానికి సిద్ధంగా ఉన్నాడు. పంచడం పూర్తయ్యాక తన ముక్కలు ఎత్తి చూసుకోకుండా మిగిలినవారి ముఖాలే గమనిస్తూ కూర్చున్నాడట. అతని ఎడమపక్కవాడు పది డాలర్లు కాశాడు. ఇంకా కుదుపు భయం నుంచి తేరుకోని ఒక యువ న్యాయవాది మరో పది కలిపాడు. మూడోవాడు ఏకంగా ఐదు వందలు పెంచాడు. అప్పుడు కళ్లద్దాల మనిషి గెలుపు తనదేనన్న ధీమాతో ముక్కలు ఎత్తి, చూసి, ఒక్క క్షణం నిర్ఘాంతపోయి, నిట్టూర్చి, వాటిని బల్ల మీద పడేశాడు. ఎడమపక్కవాడు ఆ ఐదు వందలకు మరో వెయ్యి పెంచాడు. న్యాయవాది తన ముక్కలవైపు, సొమ్మువైపు పదేపదే చూసి, నెమ్మదిగా జేబులోంచి పర్సు తీసి బల్ల మీద పెట్టి చూపించమన్నాడు. అతని చేతిలో నాలుగు రాజులు, ఒక ఆసు ఉన్నాయి. మిగిలిన ఇద్దరిలో ఒకరికి నాలుగు రాణులు, ఒక ఆసు; రెండోవారికి నాలుగు జాకీలు, ఒక ఆసు. న్యాయవాదికి మిగిలిన లాభం 2,023 డాలర్లు.

ఇరవై ముక్కలూ పంచేసే ఆట కనుక కళ్లద్దాల మనిషికి ఏం మిగిలిందో మనమే చెప్పవచ్చు: నాలుగు పదులు, ఒక ఆసు. అందరూ బయటికి పరుగెత్తిన సమయంలో అతను పేకను తనకు కావలసినట్లు పేర్చుకున్నాడని, అయితే హడావుడిలో తన కోసం పేర్చిన చేయి న్యాయవాదికి పోయిందని కోవెల్ వివరిస్తాడు. ఆసుతో కలిసిన నాలుగు రాజులను ఆ ఆటలో ఏదీ ఓడించలేదు, ఎందుకంటే ఒక ఆసు ఇక్కడే ఉన్నప్పుడు నాలుగు ఆసులు ఎవరికీ రావు. ఒక ఆటను గురించిన తొలి వివరమైన వర్ణన మోసం గురించినదే కావడం, అదీ మోసగాడే మోసపోయిన సందర్భం కావడం నాకు భలే నచ్చుతుంది. ప్రయాణికుల భయం కూడా ఉత్తదేమీ కాదు. మూడు నెలలు తిరగకుండానే, 1830 ఫిబ్రవరిలో, మెంఫిస్ దగ్గర ఇదే పడవ బాయిలర్ నిజంగానే పేలి పలువురు చనిపోయారు. 1843లో జోనథన్ గ్రీన్ అనే మాజీ జూదరి తన వృత్తిలోని మోసాలను బయటపెడుతూ రాసిన పుస్తకంలోనూ ఇరవై ముక్కల ఆట గురించిన ప్రస్తావన ఉంది.

తరువాతి పాతికేళ్లలో ఆట దాదాపు పూర్తిగా మారిపోయింది. ఇరవై ముక్కలు నలుగురితోనే సరిపోతాయి, ఐదోవాడు వస్తే చోటు లేదు. యాభై రెండు ముక్కల పేక వాడటం మొదలయ్యాక ఎక్కువమంది కూర్చోగలిగారు, పంచాక ముక్కలు మిగిలాయి కూడా. మిగిలిన ముక్కల నుంచే 1850 ప్రాంతంలో డ్రా అనే పద్ధతి వచ్చింది: చేతిలో అక్కరలేనివి పడేసి వాటికి బదులు కొత్తవి తీసుకోవడం. ఇది చూడటానికి చిన్న మార్పులా ఉన్నా, నా దృష్టిలో పోకర్ చరిత్రలో ఇదే అన్నిటికన్నా పెద్ద మలుపు. ముక్కలు మార్చుకోకముందు ఒకసారి, మార్చుకున్నాక మరొకసారి పందెం సాగుతుంది కనుక, ఎవరు ఎన్ని ముక్కలు మార్చారన్నది అందరికీ కనిపించే సమాచారం అయింది. ఒక్క ముక్క మార్చినవాడు రెండు జతలతో ఉన్నాడా, వరుస కోసం ఎదురుచూస్తున్నాడా, లేక ఏమీ లేకుండానే ఉన్నట్లు నటిస్తున్నాడా? అంతవరకు డబ్బుతో మాత్రమే ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు ముక్కలతోనూ ఆడవచ్చు.

పెద్ద పేకతో పాటు ఒకే గుర్తు ముక్కలు ఐదు రావడం, అంటే ఫ్లష్ లెక్కకు వచ్చింది. స్ట్రెయిట్‌కు మాత్రం అంత సులువుగా చోటు దొరకలేదు. 1860ల తరువాత కూడా కొత్త బల్ల దగ్గర కూర్చునేవారు ఇక్కడ స్ట్రెయిట్ లెక్కకు వస్తుందా అని ముందుగా అడిగి తెలుసుకోవలసి వచ్చేది. దానికి అనుకూలంగా ఆనాటి పుస్తకాల్లో కనిపించే వాదన ఒకటి నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. స్ట్రెయిట్ ఫ్లష్, అంటే ఒకే గుర్తులో వరుసగా వచ్చిన ఐదు ముక్కలు, లెక్కకు రాని ఆటలో నాలుగు ఆసులు వచ్చినవాడు ఓడిపోయే అవకాశమే లేదు. ఓడిపోనని ముందే తెలిసి పందెం కాయడం పెద్దమనుషులు చేసే పని కాదు. కనుక అన్నిటికన్నా పెద్ద చేతికి కూడా పిసరంత సందేహం మిగిలేలా స్ట్రెయిట్ ఫ్లష్‌ను అన్నిటికన్నా పైన పెట్టాలి. యాభై రెండు ముక్కలతో ఏర్పడే 25,98,960 చేతుల్లో స్ట్రెయిట్ ఫ్లష్‌లు నలభై మాత్రమే. ఆ నలభై చేతుల కోసం మర్యాద గురించి ఇంత చర్చ సాగింది.

1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధం ఆటను సైనిక శిబిరాల ద్వారా దేశమంతటికీ చేరవేసింది. ఆ కాలంలోనే స్టడ్ పద్ధతి పేరు వినిపించసాగింది. అందులో కొన్ని ముక్కలు బోర్లా, మిగిలినవి అందరికీ కనిపించేలా వెల్లకిలా పంచుతారు. డ్రాలో ముక్కలన్నీ రహస్యం, స్టడ్‌లో రహస్యం కొంతే. ఇక్కడినుంచి పోకర్‌లో వచ్చిన ప్రతి కొత్త పద్ధతీ ఎంత దాచాలి, ఎంత చూపాలి అన్న కొలతను కాస్త అటూ ఇటూ జరిపి చూసినదేనని నేను అనుకుంటాను. యూకర్ ఆట కోసం పుట్టిన జోకర్ ముక్క 1870ల్లో పోకర్‌లోకి కూడా వచ్చింది, కానీ గట్టి ఆటగాళ్లు దాన్ని ఎప్పుడూ పెద్దగా ఆదరించలేదు.

ఆట అట్లాంటిక్ దాటి తిరిగి ఐరోపా చేరిన కథలో ఒక రాయబారి ఉన్నాడు. 1871 నుంచి 1876 దాకా లండన్‌లో అమెరికా ప్రతినిధిగా ఉన్న రాబర్ట్ షెంక్, సోమర్సెట్‌లోని ఒక కులీన కుటుంబపు ఇంట విడిది చేసినప్పుడు అతిథులకు డ్రా పోకర్ నేర్పాడు. ఆతిథ్యమిచ్చిన దొరసాని కోరిక మీద నియమాలు రాసి ఇస్తే ఆమె వాటిని అచ్చు వేయించింది. సంగతి అమెరికాలో తెలిసి, దేశం పరువు తీశాడని కొందరు మండిపడ్డారు. ఆయన చివరికి పదవి వదులుకోవలసి వచ్చింది మాత్రం పోకర్ వల్ల కాదు, యూటాలోని ఎమ్మా వెండి గని వాటాల కుంభకోణం వల్ల.

అమెరికా పశ్చిమ ప్రాంతపు సెలూన్ల, అంటే మద్యశాలల గురించి చెప్పుకునే కథల్లో సగానికి పైగా తరువాతి కాలపు అల్లికలే. 1876 ఆగస్టు 2న డెడ్‌వుడ్‌లో పోకర్ ఆడుతూ ఉండగా పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను జాక్ మెకాల్ వెనకనుంచి కాల్చి చంపడం నిజం. ఆ సమయంలో ఆయన చేతిలో ఆసుల జత, ఎనిమిదుల జత ఉన్నాయన్న మాటను జనంలోకి తెచ్చినది 1926లో వెలువడిన ఒక జీవితచరిత్ర, అంటే అర్ధశతాబ్దం తరువాత.

చట్టం మాత్రం ఆట రూపురేఖలను నిజంగానే మార్చింది. కాలిఫోర్నియా 1885లో నిషేధిత జూదాల జాబితాలో స్టడ్‌ను చేర్చింది, డ్రాను చేర్చలేదు. ఫలితంగా 1930ల నుంచి లాస్ ఏంజెలెస్ దగ్గరి గార్డీనా పట్టణంలో డ్రా పోకర్ క్లబ్బులు చట్టబద్ధంగా నడిచాయి, ఇతర పద్ధతులకు మాత్రం 1980ల చివరి దాకా తలుపులు తెరుచుకోలేదు. పక్కనే ఉన్న నెవాడా 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. ఒకే ఆట రాష్ట్ర సరిహద్దు దాటగానే వేరే ఆటగా మారడానికి ఆటగాళ్ల అభిరుచికన్నా శాసనంలోని ఒక్క మాటే ఎక్కువ కారణమైంది.

హోల్డెమ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో టెక్సాస్‌లో రూపుదిద్దుకుంది. రాబ్స్‌టౌన్ అనే ఊరే దాని జన్మస్థలమని 2007లో ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానం కూడా చేసింది. శాసనసభల తీర్మానాలను చరిత్రగా తీసుకోవచ్చా అన్నది వేరే విషయం. ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా, ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా, నాలుగు విడతల పందెం. ఏడు ముక్కల స్టడ్‌కు ఎనిమిది మంది కూర్చుంటేనే పేక చాలదు. హోల్డెమ్‌లో ఇరవై మందికి పైగా పంచవచ్చు. 1960ల్లో టెక్సాస్ జూదరులు దీన్ని లాస్ వేగాస్‌కు తెచ్చారు. 1970లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ కేసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రారంభించినప్పుడు విజేతను ఆటగాళ్లే ఓట్లు వేసి ఎన్నుకున్నారు. అలా ఎన్నికైనది జానీ మాస్. మరుసటి ఏడాది నుంచి, చివరికి ఒక్కడి దగ్గరే చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) అన్నీ చేరేదాకా ఆడే పద్ధతి వచ్చింది.

అయినా చూసేవాడికి ఇది చాలాకాలం విసుగు పుట్టించే ఆటే, ఎందుకంటే ముక్కలు కనిపించవు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడి అమెరికాలో బొమ్మల వ్యాపారిగా పేరు తెచ్చుకున్న హెన్రీ ఓరెన్‌స్టీన్ 1995లో, ఆటగాడి రహస్య ముక్కలను ప్రేక్షకులకు చూపే బల్లకు పేటెంట్ పొందాడు. 1999లో బ్రిటన్ టెలివిజన్ అటువంటి కెమెరాలతో పోకర్ ప్రసారం చేసింది. అబద్ధం ఎప్పుడు ఆడుతున్నారో ప్రేక్షకుడికి తెలిసిపోయిన క్షణం నుంచి ఆట నాటకమైంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంటు వంద డాలర్ల లోపు రుసుముతో ఇంటర్నెట్‌లో అర్హత సాధించి, 839 మంది పాల్గొన్న వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. 2006కు పోటీదారుల సంఖ్య 8,773కు చేరింది. అదే ఏడాది చివర్లో అమెరికా ఇంటర్నెట్ జూదపు చెల్లింపులను కట్టడి చేసే చట్టం తెచ్చింది, 2011 ఏప్రిల్ 15న ప్రధాన వెబ్‌సైట్లను మూయించింది.

కేసినోలకు సంబంధం లేకుండా పోకర్‌కు ఇంకొక చరిత్ర ఉంది, నాకు దానిమీదే మక్కువ. గణితజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఆటల సిద్ధాంతం మీద రాసిన వ్యాసం నుంచి, ఆర్థికవేత్త ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో వెలువరించిన గ్రంథం దాకా, బ్లఫ్‌కు లెక్కలో చోటు వెతికాడు. ఇద్దరే ఆడే ఒక సులువైన నమూనా పోకర్ తీసుకుని ఆయన తేల్చినది ఇది: మొదటి ఆటగాడు చాలా మంచి ముక్కలతో పెద్ద పందెం కాయాలి, మధ్యరకం ముక్కలతో ఊరుకోవాలి, మరీ చెత్త ముక్కలు వచ్చినప్పుడు కొన్నిసార్లు మళ్లీ పెద్ద పందెమే కాయాలి. మంచి ముక్కలతో మాత్రమే కాసేవాడి పందేన్ని ఎవరూ అందుకోరు కనుక, బ్లఫ్ ధైర్యానికో కుటిలత్వానికో సంబంధించినది కాదు, మంచి ముక్కలకు రావలసిన ధర రాబట్టే సాధనం.

ఆ లెక్కను చివరి దాకా లాగినవి కంప్యూటర్లు. ఇద్దరే ఆడే, పందెం పరిమితి ఉన్న హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా ఛేదించామని 2015లో ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం ఇరవై రోజుల్లో 1,20,000 చేతులు ఆడి నలుగురు నిపుణులను ఓడించింది, అది కూడా పందేనికి పరిమితి లేని ఆటలో. 2019లో వచ్చిన ప్లూరిబస్ ఆరుగురు కూర్చునే బల్ల దగ్గర గెలిచింది. మనుషుల ఆట చూపించకుండా తనతో తానే ఆడి నేర్చుకున్న ఈ ప్రోగ్రాం నిపుణుల పాత పాఠాలు కొన్నింటిని ఒప్పుకుంది, కొన్నింటిని పక్కన పెట్టింది. ముందు విడతలో కేవలం పందేన్ని అందుకుని ఊరుకున్నవాడు తరువాతి విడతను తానే పందెంతో మొదలుపెట్టడం తెలివితక్కువ పని అని నిపుణులు కొత్తవారికి నేర్పేవారు. ప్లూరిబస్ ఆ పని వారికన్నా ఎంతో తరచుగా చేసింది.